శునకాలలో మర్దన చికిత్స: విశాఖ తీరప్రాంతంలో ఉపయోగాలు, పరిమితులు

విశాఖపట్నంలో భద్రతా దళాల జాగిలాలు గట్టి కాంక్రీటు నేలపై పనిచేస్తాయి. బహుళ అంతస్తుల నివాసాలలోని లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ శునకాలు నున్నని గ్రానైటు నేలపై కాలు జారుతూ నడుస్తాయి. ఆనందపురం, పద్మనాభం మండలాలలో కాపలా కుక్కలు మందల వెంట తిరుగుతాయి. ఈ మూడు వర్గాలలోనూ కుంటడం, వయసుతోపాటు కీళ్లు బిగుసుకొనడం సాధారణం. అందువలన మర్దన చికిత్స పట్ల యజమానులలో ఆసక్తి పెరుగుతున్నది. విస్తరణ సిబ్బందికి దీని ప్రయోజనంతోపాటు ప్రమాదాలు కూడా తెలిసి ఉండాలి.

మర్దనలో మూడు ప్రక్రియలు ముఖ్యమైనవి: అరచేతితో తేలికగా నిమరడం, కండరాన్ని మృదువుగా పిసకడం, కీలును నొప్పి కలగని మేరకు వంచి చాచడం. స్పర్శను మోసే నాడీతంతువుల సంకేతాలు వెన్నుపాము వద్ద నొప్పి సంకేతాలను అణచివేయగలవని మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించారు. మర్దన వలన కలిగే తాత్కాలిక ఉపశమనానికి ఇది ఒక వివరణ. అరిగిన మృదులాస్థి మర్దనతో తిరిగి పెరగదు. శునకాలపై జరిగిన పరిశోధనలు కూడా పరిమితమే. దీనితో పోలిస్తే శరీర బరువు నియంత్రణకు బలమైన ఆధారం ఉన్నది. 48 లాబ్రడార్ శునకాలపై అమెరికాలో జరిపి 2002లో ప్రచురించిన జీవితకాల అధ్యయనంలో, 25 శాతం తక్కువ ఆహారం పొందినవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13.0 సంవత్సరాలు కాగా తక్కినవాటిది 11.2 సంవత్సరాలు. కీళ్ల అరుగుదల లక్షణాలు సైతం వాటిలో ఆలస్యంగా కనిపించాయి. బరువు తగ్గించకుండా మర్దన మాత్రమే చేయడం, కాలువ గండి పూడ్చకుండా పొలానికి నీరు పెట్టడం వంటిది.

రోగనిర్ధారణ జరగకముందే మర్దన ప్రారంభించడం అసలు ప్రమాదం. వేడి, తేమ గల తీరప్రాంతంలో పిడుదుల బెడద సంవత్సరం పొడవునా ఉంటుంది. గోధుమరంగు కుక్క పిడుదు ద్వారా సంక్రమించే ఎర్లీషియోసిస్‌లో జ్వరం, నీరసంతోపాటు కొన్నింటిలో కీళ్ల నొప్పి, కుంటడం కనిపిస్తాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అట్టి శునకాన్ని గట్టిగా పిసికితే చర్మం కింద రక్తస్రావం కావచ్చు. ఆరోగ్యవంతమైన శునకం శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుండి 39.2 డిగ్రీల సెల్సియస్. జ్వరం ఉన్నప్పుడు మర్దన చేయరాదు. ఎముక విరిగినచోట, గడ్డలపై, చీము పట్టిన గాయాలపై చేయరాదు. హఠాత్తుగా వెనుక కాళ్లు పడిపోయినచో వెన్నుపూసల మధ్య డిస్కు జారి ఉండవచ్చు. అపుడు నడుము వద్ద ఒత్తిడి హానికరం.

వీధికుక్కల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రేబీస్ పక్షవాత రూపంలో కుక్క కరవడానికి రాకపోవచ్చు; దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, కాళ్లు బలహీనపడతాయి. ప్రమాదంలో గాయపడిందని జాలిపడి చేయి వేసినవారికి ప్రాణాపాయం. చొంగ గాయానికి తగిలినా, కరచినా ఆ చోటును వెంటనే సబ్బు, ధారనీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుని వద్ద టీకా ప్రారంభించాలి.

మనుషులు వాడే నొప్పి లేపనాలు పూయడం మరొక తప్పు. కుక్క ఒంటిని నాకుతుంది. డైక్లోఫెనాక్ వంటివి కడుపులో పుండ్లకు, మూత్రపిండాల వైఫల్యానికి దారితీయగలవు. కర్పూరం కూడా విషమే. మర్దనకు నూనె అవసరం లేదు.

పశువైద్యుడు అనుమతించిన శునకాన్ని ఉదయం లేదా సాయంత్రం చల్లని వేళ, మేత తిన్న వెంటనే కాకుండా, జారని చాపపై పడుకోబెట్టాలి. మొదట 2 నిమిషాలు మెడ నుండి తోక వరకు నిమరాలి. పిదప తొడ, భుజం కండరాలను 5 నిమిషాలు పిసకాలి. పెదవులు నాకడం, చేతివైపు తల తిప్పి చూడడం, కండరం బిగపట్టడం నొప్పికి సూచనలు, వెంటనే ఆపివేయాలి. ఎడమ, కుడి తొడల కండర పరిమాణాన్ని చేతితో పోల్చి నమోదు చేయడం ఎంతో ఉపయోగకరం. ఒక వైపు క్షీణిస్తున్నదని యజమాని ముందుగా గుర్తించేది తరచు ఇట్లే. రెండు వారాలలో నడకలో మార్పు లేనిచో మర్దన కొనసాగించక మరల పశువైద్యునికి చూపించాలి.