అట్టపెట్టెలో యెరికో త్రోవ

పాఠ్యభాగము: యెహెజ్కేలు 4:1–3, లూకా 10:30–35

బొమ్మలాట గుడికి తగనిదని తలంచు పెద్దలు మన సంఘములలో లేకపోలేదు. వారు యెహెజ్కేలు నాలుగవ అధ్యాయమును మరల చదువుకొందురు గాక. పెంకుమీద యెరూషలేమును గీసి, చుట్టు ముట్టడి దిబ్బలు వేసి, ఇనుపరేకును గోడగా నిలువబెట్టుమని ప్రవక్తకు దేవుడే ఆజ్ఞాపించెను. చెవులతో విననొల్లని జనులకు కన్నులయెదుట చిన్న పట్టణము పెట్టబడినది.

మన ప్రాంతమునకును ఇది క్రొత్త విద్య కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ పనివారు గుడ్డమీద వరుసగా కథాపటములు వ్రాయుదురు. రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముఖపు బొమ్మలు చేయుదురు. ఆ జిగురు మన యిండ్లలోనూ కాచుకొనవచ్చును.

పటాన్‌చెరు, సంగారెడ్డి కార్ఖానాలకు పోవువారున్న యూళ్లలో అట్టపెట్టె దొరకుట కష్టము కాదు. (అడిగి తీసికొనుడి.) పదునెనిమిది అంగుళముల వెడల్పు చాలును. ముందువైపు రెండంగుళముల అంచు విడిచి కిటికీ కోయుడి. రెండు ప్రక్కల బొమ్మ దూరునంత వాకిలి కోయవలెను. కత్తి పని పెద్దలదే. వెనుక గోడకు కొండలు, మలుపు త్రోవ పిల్లలే గీయుదురు గాక. మనము దిద్దకూడదు.

ఒక్కొక్క బొమ్మను ఇరువది అంగుళముల అట్టబద్ద కొసన నిలువుగా అతికించుడి. ఒక పిల్ల ఈ ప్రక్కనుండి త్రోయగా, అవతలి పిల్ల అందుకొని లాగును. యాజకుడును లేవీయుడును ఇట్లే ఆగక దాటిపోవుదురు. సమరయుడు మాత్రము నడుమ నిలుచును. గాయపడినవాడు ముందు నేలమీదనే యుండును. అతనికి మాటలు లేవు గాన, నోరు విప్పని బిడ్డ చేతికి ఆ బొమ్మ నియ్యుడి.

మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని రంగుటద్దములకు వెలుగు వెనుకనుండి రావలెను. మన బొమ్మలు దళసరి అట్టవి గాన ముందునుండి టార్చి చూపుడి. కొవ్వొత్తి వద్దు, అట్ట అంటుకొనును.

ఏ బిడ్డయైనను లేవీయుని వెనుకకు మరల్చి తెచ్చినయెడల, "తప్పు" అని కేకవేయవద్దు. ఎందుకు తెచ్చితివని అడుగుడి. అతనికి జాలి కలిగెనని బిడ్డ చెప్పవచ్చును. ఆట ముగిసిన పిమ్మట లూకా సువార్త తెరచి చదువుడి. ఆ బిడ్డ అందరికంటె శ్రద్ధగా వినును.

పెట్టెను గుడి బీరువాలో దాచక, వారమునకొక యింటికి పంపుడి. చిరిగినచో ఆ యింటివారు జిగురు కాచి అతికించి తెత్తురు.