కాంతిని మించిన వేగము – కార్యకారణములు

విద్యార్థులారా! విత్తు ముందు, మొలక పిమ్మట. గంట కొట్టిన తరువాతనే మ్రోత వినవచ్చును. కారణము ముందును, కార్యము వెనుకను నుండుట ప్రకృతిధర్మము. ఈ ధర్మమునకును కాంతివేగమునకును గల సంబంధమును ఇంచుక విచారింతము.

శూన్యమునందు కాంతి సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. చూచువారెట్లు కదలుచున్నను ఈ వేగము మారదని 1905వ సంవత్సరమున ఐన్‌స్టీన్ పండితుడు ప్రతిపాదించెను. దీనినుండి యొక వింత పుట్టుచున్నది. పోవుచున్న రైలుబండి రెండు కొనలయందును పిడుగులు పడినవనుకొనుడు. ప్లాట్‌ఫారముపై నడుమ నిలిచినవానికి అవి యేకకాలమున పడినవి. బండి నడుమ కూర్చున్నవాడు ముందుకు పోవుచున్నాడు గనుక ముందుకొన వెలుగే అతనిని మొదట చేరును. అతనికిని రెండు వెలుగుల వేగము సమానమే. కావున ముందుకొన పిడుగే మొదట పడినదని అతడు చెప్పవలెను. ఇరువురి మాటయు సత్యమే.

అట్లయినచో కారణము, కార్యము తారుమారు కావా? కావు. మొదటి సంగతినుండి బయలుదేరిన కాంతి రెండవది జరుగులోపల అచ్చటికి చేరగలిగినచో, వాని వరుస అందరికిని ఒక్కటియే. కాంతికి అందని సంగతుల వరుస మాత్రమే చూచువారినిబట్టి మారును. కాంతిని మించి యొక వార్త పోయినచో, అది బయలుదేరకమునుపే చేరినట్లు కొందరికి కనబడును. మనకు దూరముగ వేగమున పోవుచున్నవారు దానినందుకొని, అట్టి సాధనముతోనే ప్రత్యుత్తరము పంపినచో, జాబు వ్రాయకముందే జవాబు రావచ్చును! ఆ జవాబు చూచి మనము జాబు వ్రాయుట మానుకొన్నచో, అది దేనికి జవాబు?

2011వ సంవత్సరము సెప్టెంబరులో ఈ నియమమునకే శంక గలిగెను. జెనీవా యొద్దనున్న సెర్న్ పరిశోధనాలయమునుండి, ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతము క్రిందనున్న ప్రయోగశాలకు, భూమిలోపలగుండ సుమారు 730 కిలోమీటర్లు వచ్చు న్యూట్రినోలనెడి సూక్ష్మకణముల కాలమును ఒపేరా బృందమువారు కొలిచిరి. సెకనును నూరుకోట్ల భాగములు చేసినచో అందు 60 భాగములు కాంతికంటె ముందుగ అవి చేరినట్లు తేలెను. వారు విజయమని చాటక, తమ కొలతను పరీక్షింపుడని తక్కిన శాస్త్రజ్ఞులను కోరిరి. 2012వ సంవత్సరమున లోపము బయటపడెను: గడియారమునకు కాలసంకేతమును దెచ్చు గాజుతంతువు సరిగా బిగింపబడలేదు. ఆ కణములు కాంతిని మించలేదని పిమ్మట వారే ప్రకటించిరి.

కార్యకారణధర్మము నిలిచెను. లెక్క తప్పినదని తెలిసినప్పుడు పలక తుడిచి మరల చేయు విద్యార్థికి ఇంతకంటె మంచి దృష్టాంతమేమి గలదు?