జిగురు ఆరేలోగా

విశాఖలో డ్రాయింగు మాస్టారుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఏటా వసంతంలో పిల్లల చేత ఆకులు, గుడ్డముక్కలు, ఇసుక, రంగులు కలిపి ఆ వసంతం మీదే కొల్లాజ్ చేయించేవాణ్ణి. ఈమధ్యే టీచరైన మా మనవరాలు "తాతయ్యా, ఎలా మొదలుపెట్టమంటావు?" అని అడిగింది. ఆలోచిస్తే బాగా కుదిరిన వాటికంటే నేను చెడగొట్టినవే ఎక్కువ గుర్తొచ్చాయి. అవే రాస్తున్నాను.

1. పచ్చి ఆకు అట్ట మీద నిలవదు.
మొదటి ఏడాది మామిడి చిగుళ్ళు కోసినవి కోసినట్టే అంటింపజేశాను. ఆ సాయంత్రం గది కళకళలాడింది. వారం తిరిగేసరికి చిగుళ్ళు ముడుచుకుని, వెనక బూజు పట్టింది. మన ఊళ్ళో ఉక్కుకే కాదు, ఉక్కకూ లోటు లేదు. ఆకైనా పువ్వైనా పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువుంచి, రోజూ పేపర్లు మారుస్తూ వారం పదిరోజులు ఆరనివ్వాలి. వేపపువ్వు త్వరగా ఆరుతుంది. బూరుగు పువ్వు మందం, రేకలు విడదీయాల్సిందే. పండగ ముందురోజు హడావుడి పడితే లాభం లేదు.

2. పిల్లల చేతికిచ్చే జిగురు నోట్లోకి పోయినా భయం ఉండకూడదు.
గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్ళు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. తెలివి అనుకుని నేనూ అదే కలిపాను. ఓ పసివాడు వేలు చప్పరించబోతే చెయ్యి పట్టి లాగిన క్షణం తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే. అప్పట్నుంచి ఉత్త మైదా, నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉడికించాలి. ఏ పూటది ఆ పూటే.

3. సముద్రం ఇచ్చింది కడిగి తీసుకో, దిబ్బ దాచింది ముట్టుకోకు.
బీచి ఇసుక తెచ్చి నేరుగా చల్లిస్తే, అందులోని ఉప్పు చెమ్మ పీల్చి ఇసుకంతా రాలిపోయింది. మంచినీళ్ళలో రెండు మూడుసార్లు కడిగి ఎండబెడితే అంటుకుంటుంది. ఇంకో తప్పు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎర్ర రంగు కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి ఓ డబ్బాడు ఇసుక తెచ్చాను. వేల ఏళ్ళు పట్టి ఏర్పడిన ఆ దిబ్బలు ఇప్పుడు జాతీయ భూవారసత్వ స్థలం. ఎరుపుకు ఇటుకపొడి చాలదా? ఏటికొప్పాక బొమ్మల వాళ్ళు గింజల నుంచి, వేళ్ళ నుంచి రంగులు తీయడం చూసీ నాకు బుద్ధి రాలేదు.

4. నువ్వు గీత గీస్తే పిల్లలు గీత దాటరు.
పని నీటుగా రావాలని అట్టల మీద పెన్సిలుతో మామిడిచెట్టు గీసిచ్చాను. నలభై మంది చేస్తే నలభై చెట్లూ ఒకే అచ్చు. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ చూపు పూర్తిగా పోయాక కూడా కాగితాలు కత్తిరించి, అతికించి బొమ్మలు చేశాడు. సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద 'ది ఇన్నర్ ఐ' అనే చిత్రం తీశాడు. ఆ సంగతి తెలిశాక పెన్సిలు పక్కన పెట్టాను. జనపనార, జరీ అంచు, గవ్వ ముందు చేతుల్లో పెట్టి కాసేపు తడమనిచ్చేవాణ్ణి. బొమ్మ వాళ్ళ వేళ్ళలోంచే మొదలయ్యేది.

5. ఆకు మీది దుమ్మూ ఆకుదే.
పోర్టు పక్క పేట నుంచి వచ్చే ఓ పిల్ల నల్లటి పొడి పట్టిన ఆకులు తెచ్చింది. ప్రదర్శనకు బాగుండదని తడిగుడ్డతో నేనే తుడిచేశాను. 1933లో పోర్టు మొదలైన ఊరిది. ఓడలూ బొగ్గూ వసంతానికి సెలవు పెట్టవు. ఆ పిల్ల చూసిన చిగురు అదే. నేను తుడిచింది ఆమె చూపుని.

6. దిద్దే ముందు అడుగు.
జాలరి కుటుంబం పిల్లాడొకడు అట్ట నిండా చిరిగిన నీలం వలముక్క అంటించాడు. చెట్టు లేదు, కోకిల లేదు. అడక్కుండా వల పీకేసి, క్రేపు కాగితంతో కోకిలను చేసి అతికించాను. వాడు నెమ్మదిగా "ఈ రోజుల్లో నాన్న ఏటకెల్లడు కదండీ, ఇంటికాడే ఉంటాడు" అన్నాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తీరంలో వేసవి వేట నిషేధం ఉంటుంది. ఇప్పుడది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. పడవలు ఒడ్డున, నాన్న గుమ్మంలో వల బాగుచేసుకుంటూ. వాడికి వసంతమంటే అది. కోకిలను తీసి వల మళ్ళీ అంటిద్దామని చూశాను. అప్పటికే జిగురు ఆరింది, కాగితం పొరతో సహా లేచి వచ్చింది. "పర్లేదండి, వల చిరిగితే నాన్న అల్లేస్తాడు" అని వాడే నన్ను ఓదార్చాడు. వల సంగతి సరే, ఆ కాగితాన్ని మాత్రం నేను బాగుచేయలేకపోయాను.