చేతియాట యంత్రము – టెలివిజను

మా విద్యార్థులు కొందఱు చేతిలో ఇమిడెడు ఆటయంత్రమును ఇంటి టెలివిజనుతో ఎట్లు కలుపవలెనని మమ్ము అడుగుచున్నారు. ఉద్దనపల్లి నుండి హోసూరు అంగళ్ళకు పోయి తీగ కొనుటకు ముందే ఒక సంగతి తెలియవలెను. రంధ్రము ఒక్క తీరుగ నున్నంత మాత్రమున బొమ్మ వెలికి రాదు.

నింటెండోవారు 2017లో తెచ్చిన స్విచ్‌కును, 2019లో తెచ్చిన స్విచ్ లైట్‌కును అడుగున యుఎస్‌బి-సి రంధ్రమే కలదు. మొదటిదానిని డాక్ అను పీఠముపై నుంచినచో బొమ్మయు ధ్వనియు హెచ్‌డిఎమ్‌ఐ తీగ గుండా టెలివిజనుకు పోవును. రెండవదానిలో బొమ్మను పంపు ఏర్పాటు లోపలనే లేదు. ఎంత ఖరీదైన తీగ తెచ్చినను ఫలము సున్న. తలిదండ్రుల కష్టార్జితము ఇట్లు వ్యర్థమగుట మాకు సమ్మతము కాదు.

సోనీవారి పిఎస్‌పి కథ మఱింత చిత్రము. 2004 నాటిదానికి టెలివిజను దారియే లేదు. 2007 నాటిదానికి కలదు గాని, ఆటలు కనబడుటకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము తీగలను గైకొను టెలివిజనే కావలెను. 2008 నాటిదానికి పాత టెలివిజనులలోని పసుపు తీగయే చాలినది.

స్విచ్ పీఠమునకు దానితో వచ్చిన ఛార్జరునే పెట్టవలెను. సాధారణమైన ఫోను ఛార్జరు చాలదు. అప్పటికిని బొమ్మ రానిచో, తీగ గ్రుచ్చిన హెచ్‌డిఎమ్‌ఐ అంకె చూచి, రిమోటుతో ఇన్‌పుట్‌ను ఆ అంకెకు మార్చవలెను.