క్రిస్మస్ విందుకు ముందుగా సిద్ధపడుట

స్త్రీల సమాజముల పాఠము
చదువవలసిన భాగములు: లూకా 10:38–42, లూకా 14:12–14, 28–30, నెహెమ్యా 8:9–12



మార్త చేసిన పని చెడ్డ పని కాదు. ఇంటికి వచ్చినవారికి కడుపునిండ అన్నము పెట్టవలెనని ఆమె కోరుకొన్నది. అది మంచి కోరికయే. ఆమెకు వచ్చిన చిక్కు ఏమనగా, పని అంతయు ఒక్క పూటలో, ఒక్కతె నెత్తిమీద పడినది. ఈ భాగము చదివినప్పుడెల్లా మనము మార్తను తక్కువగా, మరియను ఎక్కువగా చెప్పుకొందుము. కాని డిసెంబరు 25వ తేదీన మన ఇండ్లలో మార్తలను తయారు చేయుచున్నది ఎవరు?

ఆ దినము మన సంఘములలో జరుగునది మనకు తెలిసినదే. తొమ్మిదిన్నరకు ఆరాధన మొదలగును. పిల్లల పాటలు, నాటిక, కానుకలు, వర్తమానము ముగియుసరికి పన్నెండున్నర దాటును. ఇంటి యజమానుడు కొత్త చొక్కా తొడుగుకొని ముందు వరుసలో కూర్చుండును. ఇల్లాలు సగము ఆరాధనకు వచ్చి, వర్తమానము నడుచుచుండగా పొయ్యి మీది కూర గుర్తుకు వచ్చి లేచిపోవును. కోడలైతే అసలు రాదు. క్రిస్మస్ వర్తమానము మొదటినుండి చివరివరకు విని ఎన్నేండ్లయినదో చెప్పలేని తల్లులు ప్రతి సంఘములోను ఉన్నారు. పోనీ, విందులోనైనా కూర్చుందురా అనగా అదియు లేదు. అందరు తిని చేయి కడుగుకొన్న తరువాత, గిన్నె అడుగున మిగిలినది, చల్లారినది వారి పాలు.

కాబట్టి ఈ పాఠములో మనము చూడవలసినది ఒక్కటే: విందు పెట్టు తల్లి ఆరాధనలో పూర్తిగా ఉండుటకు, బల్లయొద్ద అందరితో కలిసి కూర్చుండుటకు ఏమి చేయవలెను? దీనికి ప్రార్థనతో పాటు ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు కూడ కావలెను.

అక్టోబరులోనే మొదలు

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలుసు. విందుకు కూడ అదే లెక్క. మొదట వ్రాయవలసినది వంటకముల పేర్లు కాదు, మనుష్యుల పేర్లు. స్వస్థలమునుండి అన్నదమ్ములో, అత్తమామలో వచ్చువారుంటే వారికి అక్టోబరులోనే కబురు పంపవలెను. రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషను 2024 నవంబరు 1నుండి 120 దినములకు బదులు 60 దినములకు తగ్గింపబడినది. డిసెంబరు 23న బయలుదేరు రైలుకు అక్టోబరు 24న రిజర్వేషను తెరుచును. పండుగ రోజుల బండ్లు త్వరగా నిండిపోవును గనుక ఆ ఉదయమే కొనవలెను. ఎవరు వచ్చుచున్నారో తెలియక వంట లెక్క వేయుట చీకటిలో కొలత వేయుటయే.

డబ్బు సంగతి కూడ అప్పుడే. కానుక వేరు, బట్టలు వేరు, విందు వేరు అని మూడు భాగములుగా వ్రాసికొని, విందుకు వ్రాసిన మొత్తము దాటకూడదు. అప్పు చేసి పెట్టిన మటన్ రుచి జనవరిలో చేదగును. చేతిలో ఉన్నది కోడికి చాలునంత అయితే కోడియే వండండి. వచ్చినవారు మనలను చూచుటకు వచ్చుచున్నారు గాని మాంసమును తూచుటకు కాదు. బియ్యము, నూనె, బెల్లము, ఎండుకొబ్బరి, మసాలా దినుసులు నవంబరు జీతములోనే కొని పెట్టుకొనిన యెడల డిసెంబరు భారము సగము తగ్గును. గ్యాసు సిలిండరు డిసెంబరు మొదటి వారములో బుక్ చేయండి. పండుగ ఉదయమున గ్యాసు అయిపోవుటకంటె పెద్ద శోధన ఆ ఇంటికి మరొకటి లేదు.

పిండివంటలు

నిలువ ఉండునవి ముందు, ఉండనివి తరువాత. ఈ ఒక్క సూత్రము పట్టుకొనిన యెడల పిండివంటలతో కలవరము లేదు. అరిసెలు డిసెంబరు 14, 15 తేదీలలో చేసికొనవచ్చును. కిలో బియ్యమునకు ముప్పావు కిలో బెల్లము. బియ్యము ఒక రాత్రి, ఒక పగలు నానవలెను. పిండి తడిగా ఉండగానే పాకములో పోయవలెను. అరిసె ఒక్కరితో అయ్యే పని కాదు: ఒకరు తట్టవలెను, ఒకరు వేయించవలెను, ఒకరు నూనె ఒత్తవలెను. అందుచేత మూడు ఇండ్లవారు కలిసి, ఒక దినము ఒక ఇంట, మరునాడు ఇంకొక ఇంట చేసికొనుట ఉత్తమము. పని తేలికయగును, మాటలు కూడ కలియును.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పవలెను. మన అరిసెను కర్ణాటకలో కజ్జాయ అందురు, తమిళనాడులో అధిరసము, ఒడిశాలో అరిసా పిఠా, మహారాష్ట్రలో దీని దగ్గరి చుట్టము అనారసే. మన కజ్జికాయ కర్ణాటకలో కర్జికాయి, తమిళనాడులో సోమాసి, మహారాష్ట్రలో కరంజి. బెంగుళూరులో కొత్తగా కాపురమునకు వచ్చిన తెలుగు పిల్ల కజ్జాయ అన్న మాట విని కజ్జికాయ అనుకొనిన యెడల ఆశ్చర్యపడనక్కరలేదు. యానామువారికి ఈ చిక్కు లేదు, అక్కడ అరిసె అరిసెయే.

కజ్జికాయలలో పచ్చికొబ్బరి కాక ఎండుకొబ్బరి వాడిన యెడల ఎక్కువ దినములు నిలుచును. గులాబి పువ్వులు, జంతికలు 20వ తేదీ తరువాత చేసిన చాలును. పాటలు పాడుచు ఇంటింటికి వచ్చు యౌవనస్థులకు అర్ధరాత్రి టీతో పాటు పెట్టుటకు వీటిలో ఒక డబ్బా వేరుగా దాచియుంచండి. లేనియెడల పండుగ దినమున డబ్బాలు ఖాళీగా కనబడును. కేకులో వేయు ఎండు ద్రాక్ష, ఖర్జూరము, చెర్రీలను కమలాపండ్ల రసములో ఒక రాత్రి ఫ్రిజ్జులో నానబెట్టినను మెత్తగానే ఉండును. సారాయి జాతివి ఏవియు అక్కరలేదు.

బిర్యానీ వద్దు

ఈ మాటకు మగవారు మామీద కోపపడుదురేమో. దమ్ము బిర్యానీ మంచి వంటకమే, కాని దాని ప్రక్కన ఒక మనిషి కావలి కూర్చుండవలెను. ఆ మనిషి ఎవరో మనకు తెలుసు. పండుగ దినమునకు పలావు చాలును. రసము, మసాలా ముందే సిద్ధముగా ఉంటే గుడినుండి వచ్చిన తరువాత ముప్పావు గంటలో దించవచ్చును.

పద్దెనిమిది మంది పెద్దలు, ఆరుగురు పిల్లలు ఉన్న విందుకు మేము వేయు లెక్క ఇది. పలావుకు 3 కిలోల బియ్యము, 2 కిలోల మటన్. కూరకు 3 కిలోల కోడి. పెరుగన్నమునకు 1 కిలో తెల్ల బియ్యము. పెరుగుకును ఉల్లి పెరుగుపచ్చడికిని కలిపి 3 లీటర్ల పాలు తోడు వేయవలెను, పాయసమునకు మరో 2 లీటర్లు. శాకాహారులకు పప్పు, ఒక కూర. ఇంతకంటె వంటకములు పెంచవద్దు. ఏడు కూరలు చేసిన ఇంట ఏ కూర రుచియు ఎవరికిని గుర్తుండదు.

3 కిలోల బియ్యము ఒకే గిన్నెలో వేయకండి. ఇంటి పొయ్యి మంట అంత గిన్నెకు సమముగా తగలదు, అడుగు మాడి పైన పలుకుగా ఉండును. కిలోన్నర చొప్పున రెండు గిన్నెలలో, రెండు పొయ్యిల మీద వండండి. పెద్ద గిన్నెలు, గరిటెలు అద్దెకు తెచ్చుకొనువారు వారము ముందే చెప్పియుంచవలెను. పండుగనాడు అద్దె దుకాణములో మిగులునవి సొట్టవే.

24వ తేదీ, 25వ తేదీ

23వ తేదీ రాత్రి ఫ్రిజ్జు ఖాళీ చేయండి. 24వ తేదీ ఉదయము ఉల్లిపాయలు తరిగి వేయించుట, అల్లము వెల్లుల్లి నూరుట, పలావు మసాలా కట్టుకొనుట. మధ్యాహ్నము కోడికూర వండివేయండి. వండిన కూర వేడిగా ఒకే పెద్ద గిన్నెలో మూతపెట్టి ఉంచరాదు. వెడల్పయిన పళ్లెములలో పలుచగా పోసి చల్లార్చి, రెండు గంటలలోపు ఫ్రిజ్జులో పెట్టవలెను. మరునాడు తిరిగి బాగుగా ఉడుకు పట్టించవలెను. ఒక దినము నిలిచిన కోడికూర రుచి తగ్గదు, పెరుగును. మటన్ కూడ 24 సాయంకాలమే ఉడికించి, ముక్కలు, రసము వేరుచేసి అదే విధముగా ఫ్రిజ్జులో ఉంచండి. రాత్రి ఆరాధనకు వెళ్లుటకు ముందు పాలు తోడు వేయండి.

రెండు గంటలు అని గట్టిగా చెప్పుటకు కారణమున్నది. వండిన ఆహారము 5 డిగ్రీలకు తక్కువ చలిలోనైనా ఉండవలెను, 60 డిగ్రీలకు మించిన వేడిలోనైనా ఉండవలెను. ఈ రెంటి మధ్య సూక్ష్మజీవులు వేగముగా పెరుగును. అన్నము విషయములో మరింత జాగ్రత్త అవసరము. బియ్యములో బాసిల్లస్ సిరియస్ అను సూక్ష్మజీవి బీజములు ఉడికించినను చావవు. అన్నము గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి వాంతులు కలిగించు విషము పుట్టించును. ఆ విషము మరల వేడి చేసినను పోదు. తెల్లవారుజామున పలావు వండి, మూతపెట్టి, గుడికి వెళ్లి, మధ్యాహ్నము వడ్డించు అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణీ స్త్రీలు ఉన్న విందులో ఇది చేయరాని పని. అందుచేతనే అన్నము మాత్రము గుడినుండి వచ్చిన తరువాతనే వండుమనుచున్నాము.

అట్లయితే భోజనము ఆలస్యమగును గదా? అగును. కాబట్టి ఆహ్వానించునప్పుడే రెండు గంటలకు అని చెప్పండి. ఒంటిగంటకు అని చెప్పి మూడు గంటలకు పెట్టుట కంటె అది మర్యాద. రాగానే పిల్లలకు, మధుమేహము ఉన్న పెద్దలకు జంతికలు, మజ్జిగ ఇచ్చి కూర్చుండబెట్టండి. ఇన్సులిన్ తీసికొనువారు ఉన్నచో భోజన సమయము వారికి ముందే కచ్చితముగా తెలియవలెను.

25 ఉదయమున పెరుగు ఫ్రిజ్జులో పెట్టుట, పప్పు కడిగి ఉంచుట తప్ప వంటింటిలో పని ఉండకూడదు. తొమ్మిదింటికి తాళము వేసి అందరును బయలుదేరవలెను. కోడలు కూడ.

ఎవరు ఏమి చేయవలెను

పైన చెప్పిన లెక్కలన్నియు ఒక్క మనిషి చేతనే చేయించిన యెడల ప్రయోజనము లేదు. ఒకే దినపు బరువును ఒకే వెన్ను మీద రెండు నెలలకు పరచినట్లగును. నోటుపుస్తకములో ప్రతి పనికి ఎదురుగా ఒక పేరు వ్రాయండి, ఆ పేర్లలో మగవారివి ఉండవలెను. మాంసము తెచ్చుట, నీళ్లు నింపుట, బల్లలు వేయుట మగవారు ఎలాగును చేయుదురు. వడ్డన, గిన్నెలు తోముట కూడ వారి పేరిట వ్రాయండి. సంఘపు ప్రేమవిందులో నడుముకు తువాలు చుట్టుకొని వందల మందికి వడ్డించు పెద్దలు, ఇంటిలో పాతిక మందికి వడ్డించలేరా? ఒక మగవాడు గరిటె పట్టగానే ఇంటి తల్లికి బల్లయొద్ద చోటు దొరుకును.

ఆ చోటు ఆమెకు మాత్రమే గాక పిల్లలకు కూడ అవసరము. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో మాట్లాడుచున్నారు. తాతగారు ఏ ఊరినుండి వచ్చినది, మొదట ఏ పని చేసినది, ఎవరి ఇంట ప్రార్థన కూడుకొనినది, ఇవన్నియు వారు తెలుగులో వినునది ఇటువంటి బల్లయొద్దనే. వృద్ధులను ఒక గదిలోను, పిల్లలను టీవీ ముందును వేరు వేరుగా కూర్చుండబెట్టకండి. ఒక తాతకు ఇద్దరు పిల్లల చొప్పున కలిపి కూర్చుండబెట్టండి.

పొరుగువారికి పళ్లెము పంపునప్పుడు కేకులోను, సాధారణముగా గులాబి పువ్వులలోను కోడిగ్రుడ్డు ఉండునని మరువకండి. శాకాహారుల ఇంటికి అరిసెలు, కజ్జికాయలు పంపుట క్షేమము. శాకాహార అతిథులు భోజనమునకు వచ్చుచున్నచో వారి వంట మొదట, వేరు గిన్నెలో, వేరు గరిటెతో చేయండి. ముస్లిము స్నేహితులను పిలిచిన యెడల మాంసము హలాల్ దుకాణములో కొనవచ్చును. ఏది ఏమిటో దాచక చెప్పిన యెడల వారు నిశ్చింతగా తినగలుగుదురు.

ఇక పిలువవలసినవారి పట్టికలో ఒక సంగతి. మన బంధువులు మనలను తిరిగి పిలుతురు. తిరిగి పిలువలేనివారిని పిలువుడని లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పెను. మన పట్టణములలో కట్టడపు పనులకు తెలుగు జిల్లాలనుండి వచ్చిన కుటుంబములు ఉన్నవి. హాస్టలులో ఉండి ఇంటికి వెళ్లలేని విద్యార్థులు, పిల్లలు దూరదేశములో ఉన్న ముసలి దంపతులు ఉన్నారు. ఇరవైనాలుగు మందిలో నాలుగు చోట్లు వారికి మొదటనే వ్రాయండి. చివరి నిమిషమున మిగిలిన కుర్చీకి పిలిచినట్లు వారికి తోచకూడదు. రాలేనివారికి భాగములు పంపుట నెహెమ్యా దినములనుండి ఉన్న పద్ధతియే. అందుకు మూతగల డబ్బాలు ముందే కొని ఉంచి, వడ్డన మొదలు కాకముందే వేడివేడిగా నింపి, అబ్బాయిలకిచ్చి పంపండి. అందరు తినగా మిగిలినది నాలుగు గంటలకు పంపుట ఆ పద్ధతి కాదు.

సాయంకాలము గిన్నెలు తోమబడిన తరువాత అదే నోటుపుస్తకము మరల తెరవండి. ఎంత బియ్యము మిగిలినది, ఏ కూర చాలలేదు, ఎంత ఖర్చయినది, ఎవరు రాలేదు, ఎవరు అనుకోకుండ వచ్చిరి, పలావు ఎన్ని గంటలకు దించబడినది అన్నియు ఆ రాత్రియే వ్రాసి, తేదీ వేసి, వచ్చే అక్టోబరులో చేతికి దొరకునట్లు బియ్యపు డబ్బా మీద పెట్టండి.