చిన్న ఊరు - గొప్ప పాఠం

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో టర్కీ నది ఒడ్డున స్పిల్‌విల్ అనే చిన్న వ్యవసాయ గ్రామం ఉంది. ఐరోపా నుండి వలస వచ్చిన చెక్ రైతులు అక్కడ భూములు సాగు చేసుకుని, 1860లో చర్చి కట్టుకున్నారు. దేశం మారినా తమ భాషను, పాటను విడువలేదు.

న్యూయార్క్‌లో సంగీతం బోధిస్తున్న చెక్ స్వరకర్త ఆంటొనిన్ ద్వోర్జాక్ 1893 వేసవిలో కుటుంబంతో ఆ ఊరు వచ్చారు. ఆయన తండ్రిది మాంసం కొట్టు. సొంత భాష వినిపించే ఆ పల్లెలో, దాదాపు రెండు వారాల్లోనే 'అమెరికన్' అనే ప్రసిద్ధ వాద్య రచన పూర్తి చేశారు. అమెరికా సంగీతానికి నల్లజాతి ప్రజల పాటలే పునాది కావాలని ఆ ఏడాదే ప్రకటించారు.

మిత్రులారా! మన యాస విని నవ్వేవారుంటారు. అయినా మన అమ్మల పాటలను దాచుకోనక్కరలేదు. చదువుతోపాటు వాటినీ నిలబెట్టుకుందాం.