దుర్గం ఎక్కితే కుస్కోకి సాధన అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి పెరూలోని కుస్కోకి తీసుకెళ్తానంటున్నాడు. నాకు అరవై దాటాయి. ఉదయగిరి దుర్గం ఎక్కి అలవాటు చేసుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జవాబు: దుర్గం తప్పకుండా ఎక్కండమ్మా. మోకాళ్లకు మంచిది. పైగా 1514లో గజపతుల నుంచి కృష్ణదేవరాయలు గెలిచిన కోట, నెలల తరబడి ముట్టడిస్తేగానీ లొంగలేదు. మన ఇంటి పక్కది చూడకుండా పెరూ పోవడమేమిటి? నీళ్లు మోసుకెళ్లండి, ఎండెక్కకముందే దిగండి.

కానీ ఎత్తు సంగతి వేరు. దుర్గం సుమారు 3,000 అడుగులు, కుస్కో 11,000 పైమాటే. అక్కడ గాలి పల్చన. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మామూలు. కాళ్ల బలం వీటిని ఆపదు. విమానం దిగగానే ఊరు చూడబోకండి. నేరుగా దిగువనున్న ఒయాంతాయ్‌తాంబో వైపు వెళ్లి రెండు రాత్రులుండండి, మచూ పిచూ శిథిల నగరం చూసి, కుస్కోని చివరికి ఉంచుకోండి. బీపీ, గుండె మందులు వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా టికెట్ కొననివ్వకండి. విశ్రాంతిలోనూ ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయక కిందికి దిగాలి.

కుస్కో ఊళ్లో, స్పెయిన్‌వాళ్లకు ముందు అక్కడ ఏలిన ఇంకాలు సున్నం లేకుండా పేర్చిన గోడలున్నాయి. ఒక రాయికి పన్నెండు మూలలు; పక్క రాళ్లతో అతుకులో చాకుమొన కూడా దూరదు. 1950 భూకంపంలో స్పెయిన్‌వాళ్ల మఠం దెబ్బతింటే, దాని కిందున్న ఇంకాల గోడలు నిలిచాయి.

ఎత్తు ఇబ్బందికని హోటల్లో కోకా ఆకు టీ ఇస్తారు. ఆ ఆకుల్ని మాత్రం అమెరికాకి తీసుకెళ్లకండి, అక్కడ నిషేధం.